మూడు నిలువు గీతలు

సూళ్లూరుపేటలో ఆరున్నర బండి ఎక్కితే
తంబుచెట్టి వీధిలో మూడో అంతస్తు మెట్లు
తొమ్మిదిన్నరకు అయిపోతాయి.
పాత తెలుగు దస్తావేజులు చదివే మనిషి కావాలన్నారు.
ఇచ్చిన కుర్చీ తులసింగం గారిది,
కంప్యూటరూ ఆయనదే.
కుర్చీకి ఒక చక్రం లేదు.
కంప్యూటర్లో పత్రాలు తెరిచే కిటికీ నెత్తిన
టూల్‌బార్‌లో సగం బొత్తాలు లేవు.

పక్క సీటు అరసు అరవంలో నవ్వాడు:
"పెద్దాయన ఒక్కొక్కటీ లాగి పారేశాడక్కా.
రీసెట్ అను, అన్నీ తిరిగొస్తాయి."
ఆ రోజు పని ఎక్కువ. అనలేదు.
అంతే, అందులో నా గొప్పేమీ లేదు.

మొదటి బొమ్మ పేజీని పక్కకు తిప్పేది.
రెండోదీ తిప్పేదే, అటువైపుకి.
ఎందుకో మధ్యాహ్నానికి తెలిసింది:
స్కాన్ చేసినవాడెవడో గాని
ముప్పైల నాటి క్రయపత్రాలన్నిటినీ
పక్క మీద పడుకోబెట్టాడు.
లేపి నిలబెట్టందే
ఒక్క సర్వే నంబరూ పలకదు.

వెతికే బొత్తాం లేదు.
ఎందుకుంటుంది? అవి అక్షరాలు కావు, అక్షరాల ఫోటోలు.
తూర్పు, పెంచలయ్య దొడ్డి.
పడమర, పంట కాలవ.
ఉత్తరం, విక్రేత తనకు నిలుపుకున్న భాగం.
బియ్యంలో రాళ్ళేరినట్టు
గొలుసుకట్టులో కంటితోనే ఏరుకోవాలి.

పెద్దది చేసే ప్లస్ ఉంది.
చిన్నది చేసే మైనస్ లేదు,
ఆయనకు చిన్నదానితో పనిలేకపోయింది.
ప్రింటూ లేదు.
కాగితం దండగని కాదట,
ప్రింటరు గదిలో కూర్చునే మేనేజరుతో
పద్నాలుగేళ్ళుగా మాటల్లేవట.
హెల్ప్ అనే మెనూనే ఎత్తేశాడు.
దానికి కారణం మాత్రం నేనెవర్నీ అడగలేదు.

అంతుపట్టనిది ఒక్కటే.
తిప్పే బొమ్మల తర్వాత
మూడు నిలువు గీతలు, మధ్యలో ఏమీ లేదు.
గీత, ఖాళీ, గీత, ఖాళీ, గీత.
ఆ అవతల, పేజీని చెరిపేసే చెత్తబుట్ట.
దాన్ని తీసెయ్యడానికి లేదు,
తెల్ల పేజీలు ఏరెయ్యడమూ మా జీతంలో భాగమే.
గీతలు దండగనుకున్నా.
రెండు లాగి పారేద్దామని చెయ్యి పెట్టేసరికి
బండికి టైమై లేచాను.

బ్రాడ్వేలో నీళ్ళు మోకాలికొచ్చిన రోజు
కక్షిదారులెవరూ రాలేదు.
ఊరికే పాత హాజరు పుస్తకాలు తిరగేశాను.
తులసింగం సంతకం, తెలుగులోనే.
రెండువేల తొమ్మిదిలో అచ్చుగుద్దినట్టుంది.
పద్నాలుగులో తు కొమ్ము జారింది.
పద్దెనిమిదిలో సి మీది గుడి కూలింది.
చివరి ఏడు అది సంతకమే కాదు,
గతుకుల రోడ్డు మీద బస్సులో
ఎవరికోసమో రాసిచ్చిన అడ్రసు.

మళ్ళీ తెర వైపు చూశాను.
తిప్పబోయిన చెయ్యి అదిరి పక్కకి పోతే
పడ్డానికి రెండు ఖాళీలు.
ఎవరి నూతి వాటానో, ఎవరి నడక దారో
ఒక్క క్లిక్కులో చెత్తబుట్ట పాలు కాకుండా
మధ్యలో తోలిన గెనిమ.
ఆయన ఎవరికీ చెప్పినట్టు లేదు.
అరసుకి నేనూ చెప్పలేదు.

నిన్న నా వంతుగా ఒకటి చేర్చాను, మైనస్.
పేజీ మొత్తం ఒక్కచూపులో చూడాలని
నాకప్పుడప్పుడూ అనిపిస్తుంది.
ప్లస్ పక్కన పెట్టాను.
గీతల జోలికి పోలేదు.

సోమవారం కొత్త వెర్షన్ ఎక్కిస్తారట.
"సెట్టింగులన్నీ పోతాయి, పర్లేదుగా?" అన్నాడు అరసు.
ఏం చెప్పానో గుర్తులేదు.
రైల్లో, డబ్బాకు చుట్టిన కాగితం సాపుచేసి
వరస తప్పకుండా రాసుకున్నాను.
తిప్పు. తిప్పు. గీత.

నా చెయ్యి ఇంకా వణకదు.
గుమ్మిడిపూండి దాటాక బండే ఊగింది.
మూడు గీతలూ వంకరపోయాయి.
ఎదురు సీటావిడ తొంగిచూసి
"ముగ్గా?" అనడిగింది.